ఎండకాసికి ఓ నమస్కారం

సంపాదకులకు,

కాంగోలోని విరుంగా పార్కులో పెరిగిన కొండ గొరిల్లా ఎన్‌డకాసిని మా మనవరాలు ‘ఎండకాసి’ అంటుంది. నాకూ అదే అలవాటైంది. 2007లో తల్లిని కాల్చి చంపితే, ఆ శవాన్నే కరుచుకుని ఉన్న రెండు నెలల పిల్లను రేంజర్లు తెచ్చి పెంచారు. 2019లో రేంజర్ సెల్ఫీలో మనుషుల్లా నిలబడ్డ రెండు గొరిల్లాల్లో ఇదొకటి. 2021 సెప్టెంబరు 26న, జబ్బుచేసి, 14 ఏళ్లకే పెంచినాయన ఒళ్లోనే కన్నుమూసింది. ఆయన ఒళ్లో ఉన్న ఆ ఫొటో చూస్తే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

‘తాతా, మన తోటలోకొచ్చే ఎలుగు పేరేంటి?’ అంది పిల్ల. మా ఉద్దానంలో ఎలుగును కర్రలతో తరమడమే గానీ, పేరు పెట్టిన పాపాన ఎవరు పోయారు?

వీలైతే ఆ ఫొటో పిల్లల పేజీలో వేయండి.

— ఒక జీడి రైతు, కవిటి, శ్రీకాకుళం జిల్లా