ఎండాకాలానికి దాచుకునే విద్యుత్తు ఏది?

సంపాదకులకు నమస్కారం.

సాలూరు కొండల్లో కురుకుట్టి, కర్రివలస వద్ద ప్రతిపాదించిన పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులపై మా ప్రాంతంలో జరుగుతున్న చర్చలో ఒక ముఖ్య విషయం మరుగున పడుతోంది. పగటి సౌరవిద్యుత్తుతో నీటిని పైకి తోడి సాయంత్రం కిందికి వదిలే ఇటువంటి ప్రాజెక్టులు కొన్ని గంటల కొరతను తీర్చగలవే గాని, ఒక కాలంలోని మిగులును మరొక కాలానికి అందించలేవు. మన రాష్ట్రంలో గాలిమరలు నైరుతి రుతుపవనాల నెలల్లో జోరుగా తిరుగుతాయి. వాడకం మాత్రం ఎండాకాలంలో పెరుగుతుంది. నడుమనున్న ఆరేడు నెలలను బ్యాటరీలతో దాటడం గిట్టుబాటు కాదు, ఎందుకంటే రోజూ నిండి ఖాళీ అయ్యే బ్యాటరీ ఖరీదు వేల సార్ల వాడకం మీద సర్దుకుంటుంది, ఏడాదికొకసారి నిండేదానికి ఆ అవకాశం లేదు. హైడ్రోజన్‌ను నెలల తరబడి నిల్వ ఉంచవచ్చు గాని, దానిని తిరిగి విద్యుత్తుగా మార్చేసరికి సగానికి పైగా శక్తి నష్టమవుతుంది.

వేసవి మామిడిని తాండ్రగా మార్చి దాచడం మా జిల్లాలో భీమాలి వారికి తెలిసిన విద్యే. విద్యుత్తు విషయంలో ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో 1955లో ఉత్పత్తి మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం అటువంటిదే. జోలాపుట్ జలాశయంలో పట్టి ఉంచిన వాననీరు దానిని నడుపుతోంది. గాలి బాగా వీచే నెలల్లో ఇటువంటి జలాశయాల నీటిని, వరద భద్రతకూ సాగు అవసరాలకూ లోబడి, వీలైనంత ఆపి ఏప్రిల్, మే నెలల సాయంత్రాలకు మిగల్చాలి. గిరిజనుల భూముల్లో కొత్త జలాశయాలు తలపెట్టే ముందే ప్రభుత్వం నెలవారీ మిగులు, కొరతల లెక్కలను ఆ గ్రామసభల ముందు ఉంచాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయనగరం