ఏజెన్సీ పీహెచ్‌సీలో హౌస్ సర్జన్‌కు పని నేర్పాలి

సంపాదకుడు గారికి,

పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలలో 50 సీట్లతో 2024-25లో తొలి బ్యాచ్ చేరింది. అంతకు ముందు ఏడాదే తెలంగాణలో ఆసిఫాబాద్, భూపాలపల్లి కాలేజీలు మొదలయ్యాయి. కాలేజీ కొండెక్కింది కనుక డాక్టర్లూ కొండెక్కుతారని చాలామంది ధీమా. కానీ నేర్చుకున్నదంతా పెద్దాసుపత్రి వార్డులోనే అయితే, పీహెచ్‌సీలో అడుగుపెట్టిన కుర్ర డాక్టరు చేసే మొదటి పని రిఫరల్ చీటీ రాయడమే. పాడేరు తొలి బ్యాచ్ హౌస్ సర్జన్సీకి, అంటే ఎంబీబీఎస్ చివర్లో చేసే ఏడాది శిక్షణకు వచ్చేలోగా దీన్ని సరిచేసుకునే వ్యవధి ఇంకా ఉంది.

జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం ఏడాది హౌస్ సర్జన్సీలో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌కే, అంటే పీహెచ్‌సీ స్థాయి ప్రజారోగ్యానికే. మరే విభాగానికీ ఇన్ని వారాలు లేవు. కాగితం మీద లోటేమీ లేదన్నమాట. జరిగేది వేరు. పొద్దున పదింటికి వచ్చి, ఓపీలో నాలుగు బీపీలు చూసి, మధ్యాహ్నం బస్సుకు తిరుగుముఖం. లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ చివరి రోజు ఒకేసారి పడతాయి. రాత్రి ఉండడానికి గది ఉండదు. అమ్మాయిలకైతే గడియ సరిగ్గా పడే తలుపు, నీళ్లొచ్చే బాత్రూం కూడా కష్టమే. పాముకాట్లు, కాన్పులు, ఫిట్స్ ఎక్కువగా వచ్చేదేమో చీకటి పడ్డాకే. మెడికల్ ఆఫీసరుకు ఓపీ, రిపోర్టులు, మీటింగులతోనే తెల్లారిపోతుంది. హౌస్ సర్జన్లు ఈ 12 వారాలను నీట్ పీజీ చదువుకు వాడుకుంటున్నారని వాళ్లను తిట్టి లాభం లేదు. అక్కడ వాళ్లకు మనం చూపించిన పనేమిటి?

చూపించడానికి పని బోలెడుంది. పాముకాటునే తీసుకోండి. రక్తం గడ్డకడుతోందో లేదో తెలుసుకునే 20 నిమిషాల పరీక్షకు కావలసింది ఒక గాజు ట్యూబు, రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం, గోడ గడియారం. అయినా తప్పుతారు. ప్లాస్టిక్ ట్యూబులో పోస్తే మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. సబ్బుతో కడిగిన పాత గాజు ట్యూబుతోనూ అదే తిప్పలు. మధ్యలో పదిసార్లు వంచి చూస్తే ఫలితం చెడుతుంది. ట్యూబు కొత్తది, పొడిది కావాలి. 20 నిమిషాలూ కదల్చకుండా ఉంచి, ఒక్కసారే వంచాలి. ఇదంతా రక్తపింజర, చిన్న పింజర కాటుకు. కట్లపాము కరిస్తే రక్తం చక్కగా గడ్డకడుతుంది, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. ట్యూబు చూసి ఇంటికి పంపేస్తే రెప్పలు వాలి, కాసేపటికి ఊపిరి ఆగిపోతుంది. విరుగుడు మందు మొదటి మోతాదు 10 వయల్స్, పిల్లలకైనా అంతే. పొడి మందులో పది మిల్లీలీటర్ల నీరు పోసి మెల్లగా తిప్పాలి, కుదిపితే నురగ వస్తుంది. మందు వికటిస్తే తొడకు ఇవ్వడానికి అడ్రినలిన్ అర మిల్లీలీటరు ముందే సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకోవాలి. కట్లపాము కేసులో పెద్దాసుపత్రి చేరేదాకా 108లో కూర్చుని, ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కే చెయ్యి కావాలి. హౌస్ సర్జన్సీలో అనస్తీషియాకు ఉన్నవి రెండు వారాలు. ఆ రెండు వారాల్లో మాస్కును ముఖానికి గాలి పోకుండా పట్టడం ఒక్కటి చేతికొచ్చినా చాలు.

గుర్రపువాతంతో, అంటే బీపీ పెరిగి ఫిట్స్‌తో వచ్చిన గర్భిణికి పీహెచ్‌సీలో ఇవ్వవలసిన మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు 10 గ్రాములు. ఒక్కో ఆంప్యూల్‌లో ఉండేది ఒక గ్రాము. అంటే పది ఆంప్యూల్స్ పగలగొట్టి, పిరుదుకు ఐదేసి చొప్పున కండలోకి లోతుగా ఇవ్వాలి. ఒక్కసారీ చేతులతో చేయనివాళ్లు అంత మందు చూసి భయపడతారు; రెండు ఆంప్యూల్స్ ఇచ్చో, అసలివ్వకుండానో పంపేస్తారు. ఫిట్స్ దారిలో మళ్లీ వస్తాయి. డోలీలో రోడ్డెక్కిన మనిషికి ఆ పైన రెండు గంటల ప్రయాణం ఉంటుందన్నది మరిచిపోకూడదు.

ఒక్కో విద్యార్థి మూడు నుంచి ఐదు కుటుంబాలను దత్తత తీసుకునే పథకం 2022లో వచ్చింది. బస్సులో వెళ్లడం, ఫొటో దిగడం, ఫారం నింపడంతో అది సరిపోతోంది. దాన్ని తిరగబెట్టే రకమైన వైవాక్స్ మలేరియాకు ముడిపెడితే పనికొస్తుంది. దానికిచ్చే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు మింగాలి. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది గనుక మాత్రలు అటకెక్కుతాయి, నెలల తర్వాత జ్వరం తిరగబెడుతుంది. పదిహేనో రోజున విద్యార్థి ఆ ఇంటికెళ్లి ఖాళీ పట్టీలు లెక్కపెట్టాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఈ మందుతో రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి. అందుకే పరీక్ష చేయించాలి, మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపి రమ్మని ముందే చెప్పాలి. ఏ భాషలో చెప్పాలంటే పాడేరు, అరకు వైపు కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో, ఉట్నూరు వైపు గోండీలోనో కొలామీలోనో. ఇందుకు ప్రొఫెసర్లు అక్కర్లేదు. ఊరి ఆశా కార్యకర్తకు గంటకింత అని ఇచ్చి మొదటి సంవత్సరంలోనే ఓ వంద వాక్యాలు నేర్పించవచ్చు.

జపాన్‌లో 1972లో పెట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం అక్కడి ఒక్కో రాష్ట్రం (ప్రిఫెక్చర్) నుంచి ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, తొమ్మిదేళ్లు సొంత ప్రాంతంలో పనిచేస్తే ఫీజు మాఫీ చేస్తుంది. అంత దూరం ఇప్పుడే వెళ్లకపోయినా, మన నిబంధనల్లో ఉన్న 12 వారాలను నిజం చేయవచ్చు. 50 మంది బ్యాచ్‌ను నాలుగు జట్లు చేస్తే ఒక్కో విడతకు పన్నెండు పదమూడు మంది. పీహెచ్‌సీకి ఇద్దరు చొప్పున ఆరు పీహెచ్‌సీలు సరిపోతాయి. మిగిలిన ఒకరిని ఏరియా ఆసుపత్రిలో ఉంచవచ్చు. ఆ ఆరు చోట్ల రెండేసి గదుల క్వార్టర్ బాగు చేయించే బాధ్యత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ఇవ్వాలి. అక్కడి మెడికల్ ఆఫీసర్లకు కాలేజీ నుంచి ట్యూటర్ హోదా, నెలనెలా భత్యం రావాలి. జిల్లా ఆసుపత్రిలో మూడు నెలల రెసిడెన్సీకి వచ్చే గైనిక్, అనస్తీషియా పీజీలు వారానికి ఒక రోజు ఈ ఆరింటికీ వంతులవారీగా వెళ్లాలి. లాగ్‌బుక్‌లో హాజరు గడి తీసేసి, చేసిన పని, తేదీ, పేషెంటు ఓపీ నంబరు రాసే గడులు పెట్టాలి. ఆ నంబరును రిజిస్టరుతో సరిపోల్చకుండా కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

— కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులు కొందరు, విశాఖపట్నం