రెండు వృషణాలూ ఎలా ఉన్నాయో రాసిపెట్టు
విశాఖపట్నం

అమ్మలూ,

పాడేరులో పిల్లల సర్జన్ పక్క గదిలో ఉండడు, అందుకే నీ పని కేస్ షీటు దగ్గరే మొదలవ్వాలి. మగబిడ్డ పుట్టగానే రెండు వృషణాలూ తడిమి చూసి సైజు, గట్టితనం, చర్మం రంగు టైముతో సహా రాయి. "జననాంగాలు నార్మల్" అని గీకేస్తే, రెండో రోజు వాపు వచ్చినప్పుడు ఆ ముక్కతో ఏమీ తేల్చలేం.

పుట్టుకతోనే గట్టిగా, నొప్పి లేకుండా, నల్లబారి, చర్మానికి అతుక్కుని ఉంటే వృషణానికి రక్తం తెచ్చే తాడుకి మెలి గర్భంలోనే పడినట్టు. ఆ వృషణం దక్కడం చాలా అరుదు. అయినా సర్జన్‌తో అదే రోజు మాట్లాడు. పుట్టినప్పుడు బాగుండి, తర్వాత ఎర్రబడి వాచి, ముట్టుకోగానే బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే అది కొత్త మెలి. అప్పుడు ప్రతి గంటా లెక్కే. ఈ వయసులో వృషణం చుట్టూ ఉన్న పొర వృషణాల తిత్తి గోడకి ఇంకా అతుక్కుని ఉండదు, అందుకని పొరతో సహా తాడు మొత్తం తిరిగిపోతుంది. చేత్తో మెలి విప్పబోకు.

టార్చి వేస్తే వెలుగు కనబడిందని వరిబీజం అనేయకు. పసిబిడ్డ పేగు గోడ పలచన, అది తిత్తిలోకి జారితే దాన్లోంచీ వెలుగు వస్తుంది. వాపు పైఅంచు వేళ్లకి అందక, గజ్జ నిండుగా ఉండి, పచ్చ వాంతులైతే ఇరుక్కున్న హెర్నియా. తిత్తి నీలంగా ఉంటే కడుపూ స్కాన్ చేయించు. కిడ్నీ మీదుండే అడ్రినల్ గ్రంథిలో కారిన రక్తం గజ్జలో మూసుకోని దారిగుండా కిందికి దిగి ఉండొచ్చు. పాలిపోవడం, కామెర్లు తోడైతే అనుమానం బలపడుతుంది. దానికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డకి కమిలిన వాపూ ఇలాగే కనిపిస్తుంది. ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మొదలెట్టి కూర్చోవడం మాత్రం నాకు బొత్తిగా నచ్చదు, ఈ వయసులో అది అరుదు.

ఇంత చిన్న వృషణంలో రక్తప్రవాహం మామూలుగానే డాప్లర్ స్కాన్‌కి (రక్తం పారడం చూపించేది) సరిగా దొరకదు. రెండో వైపుతో పోల్చమను. స్కాన్ కోసం తెల్లారేదాకా ఆపకు.

ఘాట్ రోడ్డు దిగడానికే గంటలు పడుతుంది, కాబట్టి ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి ముందే ఫోన్ చెయ్యి. పాలు ఆపిన టైము రాయి. షుగర్ చూసి, 10% డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) డ్రిప్ పెట్టు. నెలలు నిండిన బిడ్డకి మొదటి రోజైతే 24 గంటలకి కిలోకి 60 మి.లీ. లెక్క. రక్తం గడ్డకట్టడానికి వేసే విటమిన్ కె ఇచ్చారో లేదో కాగితం మీద ఉండాలి. దారిలో బిడ్డ చల్లబడకూడదు.

ఆపరేషన్‌లో గజ్జ దగ్గర కోసి, బాగున్న రెండో వృషణాన్నీ కుట్టి బిగిస్తారు. "బాగున్నదాన్ని ఎందుకు ముట్టుకోవడం?" అని తండ్రి తప్పక అడుగుతాడు. అదీ మెలిపడితే రెండూ పోతాయనీ, ఒక్కటి బాగున్నా మగపిల్లాడి ఎదుగుదలకి సాధారణంగా సరిపోతుందనీ బండెక్కకముందే చెప్పు. సంతకం దగ్గర టైము పోదు.

అమ్మ