అచ్చు పువ్వులపై వెలుగు తగ్గించండి

సంపాదకులకు నమస్కారం.

జపాన్ చెక్కదిమ్మల అచ్చుచిత్రాలను, ముఖ్యంగా ‘కచో-ఎ’ అనే పూలూ పక్షుల చిత్రాలను ప్రదర్శించేటప్పుడు వాటి మీద స్పాట్‌లైట్లు గుప్పించవద్దని నిర్వాహకులను కోరుతున్నాను. రంగులు బాగా కనపడాలనే అలా చేస్తారు. ముందు పోయేవి ఆ రంగులే.

పాత చిత్రాల్లోని నీలాల్లో ఒకటి ట్సుయుకుసా రేకుల రసం. మన చేలగట్ల మీది వెన్నదేవికూరకు ఆ మొక్క దగ్గర చుట్టం. ఆ నీలం నీటిచుక్క పడ్డా, వెలుగు తగిలినా వెలిసిపోతుంది. గులాబి రంగు కుసుమపూల నుంచి తీసినది; అదీ నిలవదు. 18వ శతాబ్దంలో ఈ రెండూ కలిపి ఊదా చేసేవారు. ఆనాటి ఐరిస్ పూలు ఇవాళ బూడిద, గోధుమ ఛాయల్లో కనిపిస్తే అది చిత్రకారుడు వేసిన రంగే అనుకోకూడదు. 1830 ప్రాంతం నుంచి విరివిగా వాడిన ప్రష్యన్ బ్లూ అనే కృత్రిమ నీలం మాత్రం వెలుగుకు తట్టుకునే గట్టిది. హొకుసాయ్, హిరోషిగే అనే జపాన్ చిత్రకారుల అచ్చుల్లో నీలం నిండుగా ఉండి పూరేకులు పాలిపోవడానికి తరచూ ఇదే కారణం.

వీటి మీద వెలుగు 50 లక్స్ (వెలుగు తీవ్రతను కొలిచే ప్రమాణం) మించకూడదు. రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులు చూపితే 36,000 లక్స్-గంటలు. 500 లక్స్ దీపం కింద ఆ మోతాదు 9 రోజుల్లోనే పడిపోతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం పెట్టాం కదా అంటారు. పెట్టడం మంచిదే, కానీ కంటికి కనిపించే వెలుగు కూడా రంగును తినేస్తుంది. వెలిసిన రంగును ఏ చికిత్సా వెనక్కి తేలేదు.

మసకలో ఏం కనిపిస్తుందని సందేహం రావచ్చు. లోపలికి వచ్చే దారిని కూడా మసకగా ఉంచితే కళ్లు సర్దుకుంటాయి. పైగా తెల్లకొంగల ఈకలకు చాలాసార్లు రంగే ఉండదు. రంగు పూయని దిమ్మ మీద తడి కాగితం పరిచి, గట్టిగా రుద్ది గీతలను ఉబ్బెత్తుగా తెస్తారు. దీన్ని ‘కరజురి’ అంటారు. ఎదురు వెలుగులో ఆ ఈకలు మాయమవుతాయి. పక్కనుంచి వాలుగా పడే సన్నని వెలుగులో ఒక్కొక్కటీ తేలుతుంది.

ఫ్రేము కట్టేవారు చిత్రాన్ని వేడి ప్రెస్సులో అట్టకు అంటిస్తే ఆ ఉబ్బు శాశ్వతంగా అణిగిపోతుంది. పై అంచున రెండు చిన్న జపాన్ కాగితపు పట్టీలను గోధుమగంజితో అతికించి చిత్రాన్ని వేలాడదీయాలి. అద్దం తగలకుండా చుట్టూ మందపాటి అట్ట ఉండాలి. సెలోటేప్ అసలు వద్దు; దాని జిగురు కాగితంలోకి దిగి పసుపు మరక కడుతుంది.

మూడు నెలలు చూపాక చిత్రాన్ని కొన్నేళ్లు చీకటి అరలో ఉంచాలి. ఆలోగా నకలు పెట్టవచ్చు, అది నకలేనని లేబుల్ మీద స్పష్టంగా రాసి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్