గొడుగు ఉన్నవాళ్ళ సామెత

విజయవాడ,
ఆదివారం ఉదయం.

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మ, నానమ్మ, నేను క్షేమం. నువ్వు స్టుట్‌గార్ట్ చేరిన మర్నాడు ఫోను చేసినప్పుడే ఈ సంగతి ఎత్తుదామనుకున్నాను. అయితే ఫోనులో నేను రెండు ముక్కలు అనేలోగా నువ్వు నాలుగు జవాబులు చెబుతావు, అందులో మూడు సరైనవే అయి ఉంటాయి. అందుకని ఉత్తరమే మేలనిపించింది.

కోకాపేటలో గృహప్రవేశం నాడు భోజనాలయ్యాక మీ అన్నయ్య తాళంచెవి నీ చేతిలో పెట్టి, "చెల్లీ, నువ్వు చదివిన చదువు ఇదేగా, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. ఎదురుగా పసుపుపచ్చ లాంబోర్గిని ఉరుస్ నిలబడి ఉంది, ఇంకా బంతిపూల దండ తీయలేదు. నువ్వు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఫోక్స్‌వాగన్ ఒంటికి లాంబోర్గిని చొక్కా తొడిగారు, అంతే అన్నయ్యా" అన్నావు. అక్కడున్న కుర్రాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు గాని, తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నవాడు సాయంత్రం దాకా మళ్ళీ ఆ కారు దగ్గరికి రాలేదు. తిరుగు ప్రయాణంలో నువ్వు, "డబ్బుంది గాని టేస్టు లేదు" అన్నావు. నేను కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. ఆ మాట నువ్వు జర్మనీలో నేర్చుకున్నది కాదేమో, చిన్నప్పుడు నా షెడ్డులో నా నోటి నుంచే విన్నావేమో అన్న అనుమానం నన్ను మాట్లాడనివ్వలేదు.

నువ్వన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఉరుస్ అడుగుకట్టు ఆడి క్యూ7, బెంట్లీ బెంటేగా, ఫోక్స్‌వాగన్ టువారెగ్, పోర్షే కయెన్ కార్లు పంచుకుంటున్నదే, అవన్నీ ఒకే గూటి కంపెనీలు కనుక అందులో వింతా లేదు. కానీ ఆ లెక్కను నువ్వు దండం పెట్టుకునే పోర్షే గుమ్మం దాకా ఎందుకు తీసుకుపోవో నాకు బోధపడలేదు. 1948లో ఆస్ట్రియాలోని గ్మ్యుండ్‌లో తయారై, మొట్టమొదటగా పోర్షే పేరు పెట్టుకున్న 356 బండిలో ఇంజనుతో సహా చాలా సామాను ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు నుంచి తెచ్చినదే. బీటిల్‌కు రూపం ఇచ్చిన పెద్దాయన కూడా ఫెర్డినాండ్ పోర్షేయే కాబట్టి అది ఇంటి సరుకే అనుకో. అయినా ఫోక్స్‌వాగన్‌కు చొక్కా తొడిగారన్న మాట ఎవరికైనా తగలాలంటే ముందుగా ఆ బండికే తగలాలి.

ట్రాక్టర్ల సంగతీ అంతే. "ట్రాక్టర్ల కంపెనీవాడి కారు" అని పక్కనుంచి ఎవరో అంటే నువ్వు కాదనలేదు. ఫెరూచ్యో లాంబోర్గిని ట్రాక్టర్ల మీద గడించిన డబ్బుతోనే 1963లో కార్ల వ్యాపారంలోకి దిగాడన్నది నిజం. తన ఫెరారీలో క్లచ్ బాగాలేదని చెప్పబోతే, ట్రాక్టర్లు చేసుకునేవాడికి కార్ల సంగతి ఏం తెలుస్తుందన్నట్టు ఎంజో ఫెరారీ తీసిపారేశాడని, ఆ పౌరుషంతోనే తాను కార్లు మొదలుపెట్టానని ఆయన చెప్పుకునేవాడు. ఆ కథలో ఉప్పెంతో కారమెంతో గాని, అరవై ఏళ్ళు దాటినా జనం దాన్ని చెప్పుకుంటున్నారంటే, ఇలాంటి మాట పడినవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారన్నమాట. పోర్షే పేరుతోనూ ట్రాక్టర్లు వచ్చాయి, తెలుసా? బోడెన్‌జే సరస్సు ఒడ్డున ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో 1956 నుంచి 1963 దాకా, ఎర్రరంగు వేసి, గాలితో చల్లబడే డీజిల్ ఇంజను పెట్టి చేశారు. అవి ఆగిపోయిన ఏడాదే ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పోర్షే 911 కారు మొదటిసారి జనం ముందుకు వచ్చింది. దుక్కి దున్నిన పేరే రేసుల్లోనూ పరిగెత్తింది, మన కృష్ణా డెల్టా వాళ్ళకు అందులో నామోషీ కనిపించకూడదు.

మీ 911 భక్తుల మడి సంగతి నాకు ఇంకా వింతగా ఉంటుంది. నానమ్మ మడికి తడిబట్ట కావాలి. వాళ్ళ మడికి నీళ్ళే మైల. 1997 దాకా గాలితోనే చల్లబడ్డ ఇంజనుకు, 996 అని మీరు పిలిచే మోడల్‌లో నీళ్ళు పెట్టేసరికి, అసలు పోర్షే అంతటితో అయిపోయిందని పెద్దపెట్టున శోకాలు తీశారు. దాని దీపాలు పెనం మీద పగలగొట్టిన గుడ్డులా ఉన్నాయని వెక్కిరించారు. ఆ దీపాలతో సహా ముందుభాగమంతా పోర్షే వాళ్ళదే ఇంకో కారు బాక్‌స్టర్‌తో పంచుకోవడానికి కారణం ఖర్చు. తొంభైల మొదట్లో ఆ కంపెనీ మూతపడేంత దగ్గరికి వెళ్ళింది. జపాను నుంచి పనివిధానం తెలిసినవాళ్ళను పిలిపించి, గిడ్డంగిలో గుట్టలుగా పడి ఉండే సరుకును తగ్గించి, రెండు కార్లకు ఒకే సామాను వాడి బయటపడ్డారు. 2002లో జీపులా ఎత్తుగా ఉండే కయెన్ వచ్చినప్పుడు ఇదే భక్తులు మళ్ళీ గుండెలు బాదుకున్నారు. తరవాత అమ్మకాల్లో ఆ కయెనే 911ను దాటిపోయింది, వాళ్ళ దేవుడికి ధూపదీప నైవేద్యాలు సాగడంలో దాని రాబడి వాటా చిన్నదేమీ కాదు. అంతకు ముందు 1969 నాటి 914ను ఫోక్స్‌వాగన్‌తో కలిసి చేసినందుకు తక్కువ చేశారు, ఆ తరవాత 924ను వ్యాను ఇంజను బండి అన్నారు. ఇప్పుడు ఆ రెండింటినీ వెతికి మరీ కొంటున్నారని నువ్వే చెప్పావు. బండి మారలేదు, ఒక్క బోల్టు కూడా మారలేదు. చూసేవాళ్ళు మారారు.

నువ్వు కొందామనుకుంటున్న పాత 996 గురించి కూడా ఇక్కడే చెబుతాను. దీపాలు చూసి సందేహిస్తున్నావు, మీ ఆఫీసులో ఏమంటారోనని. నేను మేస్త్రిని, నాకు దీపాలతో పని లేదు. మామూలు 996 ఇంజనులో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు ఒకటుంది, అది పోతే ఇంజను మొత్తం పోయినట్టే. అందులోనే టర్బో, జీటీ3 అనే రకాల ఇంజన్ల వంశం వేరు, వాటికి ఆ బాధ లేదు. ఆ బేరింగు మార్చారో లేదో కాగితం అడుగు, ఆయిలు ఫిల్టరు కోసి మడతల్లో లోహపు రజను మెరుస్తుందేమో చూడు, చల్లటి ఇంజనును నీ ముందే స్టార్టు చేయమను. కళ్ళు బాగాలేవని వెక్కిరించినవాళ్ళు కడుపులో నొప్పి కనిపెట్టలేదు. ఇష్టపడి తోలుకుంటానంటే కొను, ఎవరి మెప్పు కోసమో అయితే వద్దు.

"అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట" అని కారులో నానమ్మ నీకు వంత పాడింది. ఆ సామెత నేనూ ఎన్నోసార్లు వాడాను. ఈమధ్య నిద్ర పట్టని ఒక రాత్రి ఒక సంగతి తట్టింది: ఆ సామెత కట్టినవాడికి అప్పటికే గొడుగు ఉండి ఉంటుంది. తరాల నుంచి పట్టపగలు గొడుగు పట్టించుకుని నడిచినవాడికి, నిన్నటిదాకా ఎండన పడి నడిచినవాడు గొడుగు పట్టడమే కంటగింపు. అర్ధరాత్రి అనేది తరవాత అతికించిన సాకు.

పసుపు రంగు మీద నువ్వు విసిరిన విసురు కూడా ఆ లెక్కలోదే. చిన్నప్పుడు నిన్ను చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకెళ్ళినప్పుడు అద్దాల వెనక ఉన్న రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ముందు నుంచి నువ్వు కదలనన్నావు, గుర్తుందా? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకున్న కారు అది. అది చేతికి రాకముందే 1911లో ఆయన పోయారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, రోడ్డు మీద తిరిగింది మహా అయితే కొన్ని వందల మైళ్ళు. రంగు? పసుపే. దాని ముందు నిలబడి టేస్టు లేదని ఎవరూ అనరు, ఫోటోలు తీసుకుంటారు. మీ అన్నయ్య ఒక్క టిప్పరుతో మొదలుపెట్టి, క్రషర్ల దుమ్ములో పాతికేళ్ళు తిరిగి, నాలుగు కోట్లు దాటిన కారు కొనుక్కుంటే మాత్రం మనకు రంగు కనిపించింది.

నీ ఇష్టం వేరు, నాకు తెలుసు. చప్పుడు చేయని బలం నీకు నచ్చుతుంది. నువ్వుండే ఊళ్ళో కొత్త కారు రాయించుకునేటప్పుడు వెనక మోడల్ నంబరు వేయవద్దని చెప్పే వీలుందని, పెద్ద ఇంజను తీసుకున్నవాళ్ళే ఎక్కువగా అది తీయించుకుంటారని, అదే అసలైన హుందాతనమని మురిసిపోతూ చెప్పావు. మీ కింది వాటాలో ఉండే పెద్దాయన, తన వంతు వారం వచ్చినప్పుడు స్వయంగా మెట్లు ఊడ్చే ఆయన, గరాజులో గుడ్డ కప్పి దాచుకున్న పాత మెర్సిడెస్ 500ఈ ని నేను అక్కడికి వచ్చినప్పుడు నాకు చూపించాడు. నేను మురిసిపోయానన్నది ఒప్పుకోవాలి. బయటికి ఆ రోజుల్లో జర్మనీ అంతటా టాక్సీలుగా తిరిగిన కారే, మడ్‌గార్డులు మాత్రం బొటనవేలంత ఉబ్బెత్తు. బానెట్టు లేపితే అయిదు లీటర్ల వీ8, 326 హార్స్‌పవర్. బెంజి కారైనా పోర్షే వాళ్ళ జుఫెన్‌హౌజెన్ ఫ్యాక్టరీలో కూర్చారు. ఆయన ఇవన్నీ చెప్పి, "తెలిసినవాళ్ళకే తెలుస్తుంది" అన్నాడని నువ్వు నాకు తెలుగులో చెప్పావు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన వెలుగు, తాళంచెవి నీ చేతిలో పెట్టినప్పుడు మీ అన్నయ్య ముఖంలోనూ కనిపించింది. ఒకరు వీధి మొత్తానికి వినిపించారు, ఇంకొకరు ఏరి పదిమందికి వినిపించారు. ఆ పదిమందిలో ఒకణ్ణి అయినందుకు నాకూ గర్వం కలిగింది. నంబరు తీయించిన కారు మౌనంగా ఉందని నేను అనుకోను, అది గుసగుసగా చెబుతుంది అంతే, గుసగుస వినడానికి దగ్గరికి వెళ్ళగలిగే అర్హత అందరికీ ఉండదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నువ్వు పుట్టకముందు, తొంభైల మొదట్లో, భీమవరం వైపు రొయ్యల చెరువులు డబ్బు కురిపిస్తున్న రోజుల్లో, ఒకాయన పాత బెంజి కొని ఆటోనగర్‌లో మన షెడ్డుకు తెచ్చాడు. కిటికీలకు ముఖమల్ తెరలు, లారీ హారను, వెనక అద్దం నిండా దేవుడి బొమ్మ కావాలన్నాడు. కావలసినవన్నీ చేసి, డబ్బులు లెక్కపెట్టుకుని, ఆయన గేటు దాటగానే దానికి "రొయ్యల బెంజి" అని పేరు పెట్టాను. పేరు పట్టుకుంది. రంగులవాడి దగ్గర, టైర్లవాడి దగ్గర, కాఫీ కొట్టు దగ్గర అందరూ అదే అనేవారు, నేను పెట్టినందుకు పొంగిపోయేవాణ్ణి. మూడు నాలుగేళ్ళకు చెరువులకు తెల్లమచ్చ తెగులు తగిలింది, ఆయన కారు అమ్మేద్దామని తెచ్చి, మంచి బేరం చూడమని నన్నే అడిగాడు. నేను మొహమాటంగా ఏదో అనబోతుంటే, "ఆ పేరు నాకు మొదటి నెల్లోనే తెలిసిందండి మేస్త్రిగారూ. పని మీరు బాగా చేస్తారని మీ దగ్గరికే వచ్చానండి" అన్నాడు. కోపంగా అనలేదు. టీ తాగి, ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్ళిపోయాడు. నేను ఆ కారు బేరం పెట్టి కమీషను తీసుకోలేదు, అదొక ప్రాయశ్చిత్తం అనుకున్నాను. కమీషను వదులుకున్నంత మాత్రాన పేరు పోలేదు, ఆ కారును కొన్నవాడి దగ్గర కూడా అది రొయ్యల బెంజిగానే తిరిగింది.

నీ తెలివిడి మీద నాకు గురి ఉంది. స్టీరింగు చేతికి చెప్పే మాటలో తేడా, బ్రేకు పెడలు కింద ఉండే గట్టిదనంలో తేడా నీకు తెలిసినట్టు మీ అన్నయ్యకు తెలియవు. వాడు ఆ రోజు నిన్ను అడిగింది అవే. ఆరువందల యాభై హార్స్‌పవర్ ఉన్న అంత బరువైన బండిని ఆపడానికి ముందు చక్రాలకు అంతంత బ్రేకు పళ్ళేలు ఎందుకు పెట్టారో, అవి వేడెక్కితే ఏం జరుగుతుందో, నువ్వు రోజూ చేసే పని అదేగా, పది నిమిషాలు చెప్పి ఉంటే వాడు నోరు తెరుచుకుని వినేవాడు. అన్నట్టు నాకూ ఆ కారు ముఖం నచ్చలేదు, మరీ కోపంగా ఉంటుంది. కానీ వాడు నన్ను ముఖం గురించి అడగలేదు.

సంక్రాంతికి వాడు ఆ కారులోనే ఇక్కడికి వస్తానన్నాడు. అటుగా నువ్వూ సెలవు పెట్టుకుని వస్తే మంచిది, రాలేకపోతే ఒకసారి ఫోను చేసి బ్రేకుల సంగతి మాట్లాడు, క్షమాపణలంటూ వాణ్ణి ఇబ్బంది పెట్టకు. నిన్న వాడే ఫోను చేసి, మన వీధి మలుపులో స్పీడు బ్రేకరు ఎత్తు ఎంతో కొలిచి చెప్పమన్నాడు, సస్పెన్షను ఎంత లేపాలో ముందే చూసుకుంటాడట. ఎండ ఎక్కకముందే టేపు పట్టుకుని వెళ్తున్నాను.

ఇట్లు,
నాన్న.