నెల నెలా వెళ్లాల్సిన ఆటో ట్రాన్స్‌ఫర్‌ను చెప్పకుండా ఆపేసినందుకు ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

విషయం: ప్రతి నెలా వెళ్లాల్సిన అంతర్జాతీయ ఆటో ట్రాన్స్‌ఫర్‌ను సమాచారం ఇవ్వకుండా నిలిపివేయడం, తర్వాత రెండు నెలల డబ్బును ఒకేసారి తక్కువ రేటుకు పంపడం గురించి.

ఆర్యా,

పోయిన నెల ఒకటో తేదీన మీ సంస్థ నా జీతం ఖాతా నుంచి డైరెక్ట్ డెబిట్ ద్వారా డబ్బు తీసుకుంది. అందులో కొంత మా అమ్మ ఖాతాకు, మిగతాది స్వదేశంలో నా పేరు మీద ఉన్న ఇంటి లోను ఖాతాకు వెళ్లాలి. రెండూ వెళ్లలేదు. నెలాఖరు దాటే వరకూ ఆ డబ్బు మీ దగ్గరే ఉండిపోయింది. ఆ రోజుల్లో మీ నుంచి నాకు ఒక్క మెయిల్ గానీ, మెసేజ్ గానీ, ఫోన్ గానీ రాలేదు. యాప్ తెరిచినప్పుడల్లా నా షెడ్యూల్ పక్కన ‘యాక్టివ్’ అని ఆకుపచ్చ గుర్తు కనిపిస్తూనే ఉంది. ఈ లేఖలో వేరే విషయాలు కూడా రాస్తున్నాను గానీ, ముఖ్యమైన ఫిర్యాదు మాత్రం మీరు నాకు ఏమీ చెప్పకపోవడం గురించే.

విదేశంలో పనిచేసేవాళ్లు ఇంటికి పంపేది ఖర్చులు పోగా మిగిలిన డబ్బు కాదు. అక్కడ దాని కోసం కొన్ని తేదీలు కాచుకుని ఉంటాయి. అమ్మను చూసుకునే ఆయమ్మకు మొదటి వారంలో జీతం ఇవ్వాలి. ఐదో తేదీన లోను వాయిదా కట్ అవుతుంది. మందులు అయిపోయే రోజు కూడా దాదాపు తెలిసిందే. నా పని షిఫ్టుల్లో ఉంటుంది. నాకు ఖాళీ దొరికే వేళకు అక్కడ బ్యాంకులు మూసేసి ఉంటాయి. అందుకే ‘ఒకసారి సెట్ చేయండి, ఇక మేం చూసుకుంటాం’ అన్న మీ మాట నమ్మి ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాను. మొదట్లో సాఫీగానే నడిచింది. మీ సేవ నచ్చి తోటి ఉద్యోగులకు కూడా చెప్పాను. ఇప్పుడు వాళ్లందరికీ ‘మీ షెడ్యూల్ ఒకసారి చూసుకోండి’ అని చెప్పాల్సి వస్తోంది.

మీ కస్టమర్ కేర్ చివరికి చెప్పిన కారణం: నా రెసిడెన్స్ కార్డు గడువు ముగిసింది కాబట్టి గుర్తింపు మళ్లీ నిర్ధారించాలి. కానీ పాత కార్డు గడువు ముగియకముందే కొత్త కార్డు వచ్చింది. రాగానే దాన్ని యాప్‌లో అప్‌లోడ్ చేశాను. ‘మీ పత్రం అందింది, ధన్యవాదాలు’ అని మీ నుంచి మెయిల్ కూడా వచ్చింది. దాన్ని ఈ లేఖకు జతచేస్తున్నాను. పత్రం మారిన తర్వాత షెడ్యూల్‌ను విడిగా మళ్లీ కన్‌ఫర్మ్ చేయాలన్న సంగతి ఆ మెయిల్‌లో లేదు. ఆ బటన్ సెట్టింగ్స్‌లో, ప్రొఫైల్ లోపల, మరో పేజీ లోపల ఉంది. మీ ఉద్యోగి చాట్‌లో దారి చూపిస్తుంటే తప్ప నాకు దొరకలేదు. ఆయనకు కూడా దాన్ని వెతకడానికి కాస్త సమయం పట్టింది.

గుర్తింపు తనిఖీ మీద నాకు అభ్యంతరం లేదు. మనీలాండరింగ్ నిరోధానికి ప్రపంచ దేశాలు అనుసరించే ఎఫ్ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ సిఫారసుల్లో 16వది, సరిహద్దు దాటే చెల్లింపుతో పాటు పంపేవారి వివరాలు, అందుకునేవారి వివరాలు కూడా వెళ్లాలని చెబుతుంది. ఆ బాధ్యత మీ మీద ఉందని నాకు తెలుసు. నేను అడిగేది రెండే ప్రశ్నలు. పాత కార్డు గడువు తేదీ, నేను ఖాతా తెరిచిన రోజు నుంచీ మీ సిస్టమ్‌లోనే ఉంది. అయినా నెల రోజుల ముందు ‘ఫలానా తేదీ తర్వాత మీ ఆటో ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది’ అని ఒక మెయిల్ ఎందుకు పంపలేదు? ఇక రెండోది, నన్ను ఎక్కువగా బాధపెట్టినది. డబ్బు ముందుకు పంపకూడదని మీ సిస్టమ్‌కు తెలిసినప్పుడు నా ఖాతా నుంచి ఎందుకు తీసుకుంది? డెబిట్ జరగకపోయి ఉంటే ఖాతాలో డబ్బు అలాగే ఉందని గమనించి ఆ రోజే వేరే దారిలో పంపేవాణ్ని. డబ్బు కట్ అయిందన్న మెసేజ్ మా బ్యాంకు నుంచి రావడంతో అంతా జరిగిపోయిందనుకున్నాను. నాలాంటి స్థితిలో ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఐదో తేదీన లోను వాయిదా బౌన్స్ అయింది. బ్యాంకు పెనాల్టీ వేసింది. ఆలస్యమైన చెల్లింపుగా అది నా రికార్డులోకి ఎక్కింది. పెనాల్టీ మీరు తిరిగి ఇచ్చినా ఆ మచ్చ పోదు. ఇక అమ్మ సంగతి. డబ్బు రాలేదని ఆమె నాకు వెంటనే చెప్పలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ బాగానే ఉన్నానంది. పరాయి దేశంలో ఉన్నవాణ్ని టెన్షన్ పెట్టకూడదని తన దగ్గర దాచుకున్నదంతా తీసి ఆయమ్మకు జీతం ఇచ్చింది, మందులు సగమే తెప్పించుకుంది. బ్యాంకు నుంచి వాయిదా గురించి ఫోన్ వచ్చాకే నాకు విషయం బయటపడింది. నేను ఈ లేఖ ఇంత వివరంగా రాయడానికి కారణం పెనాల్టీ కంటే కూడా ఆ సగం మందులే. మీ స్క్రీన్ మీద ‘హోల్డ్’ అని కనిపించేదానికి అవతలి వైపు ఒక పెద్దావిడ ఉందని మీ టీమ్‌లో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత మీ చాట్‌తో పడిన అవస్థ. ప్రతిసారీ కొత్త మనిషి వచ్చారు. ప్రతిసారీ అదే కార్డు ఫొటో, అదే వివరణ మొదటి నుంచీ ఇవ్వాల్సి వచ్చింది. ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న జవాబు తప్ప ఎప్పటికి చేరుతుందో ఎవరూ చెప్పలేదు. ట్రాకింగ్ నంబరు అడిగితే మీ అంతర్గత రిఫరెన్స్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని అమ్మ బ్యాంకుకు వెళితే, ఈ నంబరుతో మేం ఏమీ వెతకలేమని తిప్పి పంపేశారు. 2018 నవంబరు నుంచి, దేశాల మధ్య బ్యాంకులు చెల్లింపు సందేశాలు పంపుకునే స్విఫ్ట్ నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి కస్టమర్ చెల్లింపుకూ యూఈటీఆర్ అనే ప్రత్యేక నంబరు తప్పనిసరిగా ఉంటుంది. దారిలో ఉన్న బ్యాంకులన్నీ దాన్ని గుర్తిస్తాయి. మీరు స్విఫ్ట్ ద్వారా పంపితే ఆ నంబరు ఇవ్వండి. స్థానిక చెల్లింపు వ్యవస్థ ద్వారా జమ చేస్తే అక్కడి బ్యాంకు గుర్తించే రిఫరెన్స్ ఇవ్వండి. డబ్బు ఇంకా మీ దగ్గర నుంచి కదలనే లేదంటే ఆ మాటే సూటిగా చెప్పండి. కదలని డబ్బు కోసం అమ్మను రెండు సార్లు బ్యాంకుకు పంపాల్సిన అవసరం నాకు ఉండేది కాదు.

చివరికి హోల్డ్ తీశారు. తీసిన రోజు శనివారం. అప్పటికి ఈ నెల ఒకటో తేదీ డబ్బు కూడా డెబిట్ అయి ఉంది. దాంతో రెండు నెలల మొత్తం ఒకేసారి, ఆ శనివారం రేటుకు మార్చి పంపేశారు. విదేశీ మారక మార్కెట్ శుక్రవారం సాయంత్రం న్యూయార్క్‌లో మూతపడి, సోమవారం ఉదయం ఆసియా పసిఫిక్ దేశాల్లో మళ్లీ తెరుచుకుంటుంది. ఆ మధ్యలో రేటు మారితే నష్టం రాకుండా కంపెనీలు రేటులో అదనపు మార్జిన్, అంటే తమ కోసం ఉంచుకునే తేడా, వేసుకోవడం మామూలే. ఇన్నాళ్లు ఆపిన డబ్బును మరో రెండు రోజులు ఆపి సోమవారం పంపితే మీకు పోయేదేముంది? శనివారమే పంపాలా, సోమవారం దాకా ఆగాలా అని నన్ను అడిగినా సరిపోయేది.

అదే రోజు అదే సమయానికి యాప్‌లో మామూలుగా, అంటే చేత్తో పంపేటప్పుడు ఎంత రేటు ఇస్తారో కూడా చూశాను. ఆటో ట్రాన్స్‌ఫర్‌కు వేసిన రేటు దానికంటే తక్కువగా ఉంది. రెండు స్క్రీన్‌షాట్లూ జతచేస్తున్నాను. రెండింటికీ ‘ఫీజు సున్నా’ అనే రాసి ఉంది. ఫీజు లేకపోవచ్చు. కానీ మార్కెట్ మధ్య రేటుకూ (కొనే, అమ్మే రేట్లకు సరిగ్గా నడుమ ఉండేది) మీరిచ్చే రేటుకూ ఉన్న తేడా నేను కట్టే ఖర్చే. 1000 పంపితే మార్జిన్ 2 శాతం ఉన్నప్పుడు 20 పోయినట్టే, దాన్ని ఏ పేరుతో పిలిచినా. నెల నెలా నమ్మకంగా పంపేవారికి తక్కువ రేటు, అప్పుడప్పుడూ వచ్చి పోల్చి చూసేవారికి మంచి రేటు ఇవ్వడం న్యాయం కాదు. ఆటో పెట్టుకున్నవారు రేటు చూడరన్న ధీమాతో ఈ తేడా పెట్టారా అన్న అనుమానం నాకు కలుగుతోంది. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పండి.

ఇంటికి డబ్బు పంపే ఖర్చును 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఉంది. యూరోపియన్ యూనియన్ 2019/518 నంబరు చట్టంలో, కరెన్సీ మార్పిడి ఖర్చు అంచనాను చెల్లింపుకు ముందే చెప్పాలన్న నిబంధన పెట్టింది. అమెరికాలో 2013 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రెమిటెన్స్ (విదేశాలకు డబ్బు పంపడం) నియమం ప్రకారం, చెప్పిన తేదీకి డబ్బు అందకపోతే, కొన్ని మినహాయింపులు తప్ప, దాన్ని పొరపాటుగా లెక్కగడతారు. ఆ తేదీ నుంచి 180 రోజుల్లోగా పంపినవారు ఫిర్యాదు చేయవచ్చు, అందిన ఫిర్యాదును కంపెనీ 90 రోజుల్లోగా విచారించాలి. ముందే తేదీ పెట్టి ఉంచిన బదిలీని కనీసం 3 పని దినాల ముందు రద్దు చేసుకునే హక్కు కూడా అందులో ఉంది. ఈ నియమాలన్నీ నా ఖాతాకు వర్తిస్తాయని నేను వాదించడం లేదు. పంపేవారికి ముందుగా చెప్పడం, చెప్పిన తేదీకి కట్టుబడటం ఈ రంగంలో సాధ్యమేనని, చాలా చోట్ల చట్టమే అడుగుతోందని గుర్తు చేస్తున్నాను.

ఇక నాకు కావాల్సినది. లోను వాయిదా బౌన్స్ అయినందుకు కట్టిన పెనాల్టీ పూర్తిగా తిరిగి ఇవ్వాలి. రెండు నెలల బదిలీకీ అసలు వెళ్లాల్సిన ఒకటో తేదీల్లో మీరు చేత్తో పంపేవారికి ఇచ్చిన రేటు ప్రకారం లెక్కకట్టి తేడా చెల్లించాలి. ఆలస్యం మీ వైపు నుంచే జరిగిందని లోను ఇచ్చిన బ్యాంకుకు చూపించడానికి వీలుగా మీ లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువీకరణ ఇవ్వాలి. ఈ మూడింటిలో నాకు ఎక్కువ అవసరమైనది ధ్రువీకరణే. అది వీలైనంత త్వరగా పంపండి, మిగతా లెక్కలు తేలే దాకా దాన్ని ఆపకండి.

సేవలో మార్పులు కూడా కోరుతున్నాను, ఎందుకంటే నేను మళ్లీ ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలంటే అవి ఉండాలి. డెబిట్‌కు కొన్ని రోజుల ముందు మెయిల్, మెసేజ్ రెండూ రావాలి. ఎంత తీసుకుంటారు, అప్పటి రేటు ఎంత, ఎప్పటికి చేరుతుంది, ఏదైనా అడ్డంకి ఉందా అన్నవి అందులో ఉండాలి. అడ్డంకి ఉంటే డెబిట్ జరగకూడదు. ఇప్పటికే డబ్బు తీసుకుని ఆపాల్సి వస్తే ఆ రోజే చెప్పాలి, వెనక్కి తీసుకునే అవకాశం ఇవ్వాలి. యాప్‌లోని ఆకుపచ్చ గుర్తు నిజం చెప్పాలి. రెండు దేశాల్లో ఎక్కడ బ్యాంకు సెలవు ఉన్నా డబ్బు సెలవుకు ముందు పని దినానే వెళ్లాలి, సెలవు తర్వాత కాదు.

ఇంకొకటి, చాలామందికి పనికొచ్చేది. ఇప్పుడు మీ షెడ్యూల్‌లో పంపే మొత్తాన్ని మాత్రమే స్థిరంగా పెట్టుకోగలం. కానీ లోను వాయిదా అక్కడి కరెన్సీలో ఉంటుంది. రేటు కాస్త పడితే చాలు, చేరే డబ్బు కొద్దిగా తగ్గి వాయిదా మొత్తం బౌన్స్ అవుతుంది. ఆ భయంతో నేను ప్రతి నెలా అవసరమైన దానికంటే ఎక్కువ పంపుతూ వచ్చాను. అవతల చేరాల్సిన మొత్తాన్ని స్థిరంగా పెట్టుకునే వీలు కల్పించండి. ఇక్కడి నుంచి గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చో నేను పరిమితి చెబుతాను. ఆ పరిమితి దాటితే నన్ను అడగండి.

మీరు జవాబు ఇచ్చే వరకూ నా షెడ్యూల్‌ను రద్దు చేశాను. డైరెక్ట్ డెబిట్ అనుమతిని కూడా మా బ్యాంకులో వెనక్కి తీసుకున్నాను. అమ్మకు డబ్బు ఇప్పుడు మా బ్యాంకు నుంచే నేరుగా పంపుతున్నాను. అక్కడ ఫీజు ఎక్కువే, అయినా ఎప్పుడు చేరుతుందో చెబుతున్నారు.

యూరప్‌లో చెల్లింపు సేవల ఫిర్యాదులకు 15 పని దినాల్లో జవాబు ఇవ్వాలన్న నియమం ఉంది. అదే గడువు మీకూ ఇస్తున్నాను. ఆలోగా పై మూడు అభ్యర్థనలకూ విడివిడిగా, పేరుతో సంతకం చేసిన జవాబు రావాలి. ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న తయారు వాక్యంతో టికెట్ మూసేస్తే దాన్ని జవాబుగా తీసుకోను. గడువు దాటితే మీ లైసెన్సును పర్యవేక్షించే సంస్థకూ, కస్టమర్ల ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కూ ఈ లేఖనూ, జతచేసిన మెయిళ్లు, స్క్రీన్‌షాట్లు, చాట్ రికార్డులు, బ్యాంకు పెనాల్టీ నోటీసునూ పంపుతాను.

ఇట్లు,
మీ ఖాతాదారు