గుట్టలకూ బడ్జెట్‌లో ఒక పద్దు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి నీటి ఎద్దడి మీద మీ జిల్లా పేజీల్లో వరసగా వస్తున్న వార్తలన్నీ చదువుతున్నాను. ట్యాంకర్లు, కొత్త పైపులైన్లు, కాలిపోయిన మోటార్లు, ఇంకా లోతుకు దించుతున్న బోర్లు. వాన పడే నేల గురించి మాత్రం ఎవరూ ఒక ముక్క రాయడం లేదు. మాది కల్యాణదుర్గం వైపు పల్లె. అక్కడ వాన నీళ్లను, మన్నును ఎక్కడికక్కడ ఆపే వాటర్‌షెడ్ పథకం నడిచిన రోజుల్లో సంఘం లెక్కలు రాసేదాన్ని. ఇప్పుడు అనంతపురంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అందుకే ఈ ఉత్తరం.

అనంతపురం నగరం తాగే నీళ్లు పీఏబీఆర్ (పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్) నుంచి వస్తాయి. ఆ జలాశయానికి తుంగభద్ర నీళ్లు ఎగువ కాలువలో రావాలి, లేదా శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం మోటార్లు మెట్టు మెట్టుకూ ఎత్తిపోయాలి. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు 105 చిల్లర పడుతుంది. తక్కిన చోటంతా పైనుంచి కొట్టుకొచ్చిన మన్ను. ఎగువ కాలువ కింద మనకు రాసిచ్చిన వాటా 32.5 టీఎంసీలు. అంటే మన వాటా కంటే కొంచెం తక్కువ నీళ్లు నిలిచేంత చోటు పూడికకు పోయింది. 2024 ఆగస్టులో ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే అందరం టెన్షన్ పడ్డాం, పడాల్సిందే. ఈ మన్ను డెబ్భై ఏళ్లుగా చేరుతూ ఉంది, దాని గురించి అంత టెన్షన్ ఎన్నడూ చూడలేదు.

తుంగభద్ర పైభాగం కర్ణాటకలో ఉంది, అక్కడ మన చెయ్యి సాగదు. మన గుట్టలు, మన వంకలు, మన చెరువుల పైభాగాలు మన చేతిలోనే ఉన్నాయి కదా.

మా ఊరి సంగతి చెబుతాను. ముందు గుట్ట మీద కందకాలు తీశారు, వాలుకు అడ్డంగా రాతి కట్టలు వేశారు. తర్వాత చేన్లలో గట్లు. వంకలో చెక్‌డ్యాం, ఊటకుంట చివర్లో వచ్చాయి. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగైదు గట్టి దెబ్బల్లో పడిపోతుంది. బోడి గుట్ట మీద పడితే గంటలో ఎర్రగా వంక దిగిపోతుంది. గడ్డి ఉన్న చోట నీళ్ల వడి తగ్గుతుంది, కొంత లోపలికి ఇంకుతుంది, మన్ను అక్కడే ఆగుతుంది. మాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఆ గడ్డే. సిమెంటు కట్టడాలకు శిలాఫలకాలు వేశారు గానీ గడ్డికి ఎవరు వేస్తారు?

గడ్డి ఊరికే రాలేదు. గొర్రెల వాళ్లతో కూర్చుని మాట్లాడటానికి పట్టినంత సమయం కందకాలు తవ్వడానికి పట్టలేదు. మేపుకునే గుట్టను మూసేస్తే మేం ఎక్కడికి పోవాలని అడిగారు, న్యాయమైన మాటే. చివరికి గుట్టను రెండు భాగాలు చేసి, ఒక వైపు మూసి రెండో వైపు మేపుకోవడానికి, మూసిన వైపు కొడవలితో కోసుకుపోవడానికి ఒప్పందం కుదిరింది. బోదగడ్డి లేచింది, తంగేడు, సీతాఫలం చెట్లు వాటంతటవే వచ్చాయి. వాన వెలిసిన తర్వాత కూడా వంకలో నీళ్లు కొన్నాళ్లు పారేవి, తేటగా.

పథకం గడువు అయిపోగానే కాపలా మనిషికి జీతం ఆగింది. మా ఖాతాలో మరమ్మతులకు మిగిలిన నిధి చాలా చిన్నది. కరువు ఏడు రాగానే ఒప్పందం చెదిరింది, గొర్రెల వాళ్లను తప్పుపట్టలేను. తెగిన గట్టు తెగినట్టే ఉంది, చెక్‌డ్యాం వెనక ఇసుక నిండింది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే మా జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. కొత్త కందకం తవ్వితే కూలి దొరికింది. తవ్విన దాన్ని ఏళ్ల తరబడి కాపాడే మనిషికి ఇచ్చే పద్దు మాత్రం ఏ పథకంలోనూ కనబడలేదు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట కల్యాణదుర్గం, డోన్ మండలాల్లో నిపుణులు నీటి లెక్కలు తీశారు. పైన కట్టడాలు, బోర్లు లెక్క లేకుండా పెరిగిన చోట కింది చెరువులకు వచ్చే నీళ్లు తగ్గాయని తేల్చారు. కాబట్టి వాటర్‌షెడ్ అంటే వంకకో చెక్‌డ్యాం అని నేను అనడం లేదు. ముందు గుట్ట మీద గడ్డి, చేలో మన్ను, చెరువులకు వచ్చే వంకలు. కొత్త సిమెంటు పని కింది చెరువు ఆయకట్టు వాళ్లను అడిగాకే చెయ్యాలి. ఆ చెరువుల్లో చాలావాటికి విజయనగర కాలం నాటి చరిత్ర ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఏమేం కావాలో, ఏవి దోషాలో అందులో రాయించారు. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం కూడా దోషమేనని అందులో ఉంది. బోర్ల మీద బోర్లు వేసే మనకు ఆ మాట ఇప్పుడు ఇంకా బాగా తగులుతుంది.

నేను కోరేది కష్టమైనది కాదు. దక్షిణ అమెరికాలో క్విటో అనే నగరం 2000లో ఒక నీటి నిధి పెట్టింది. అక్కడి నీటి సంస్థ తన వసూళ్లలో 2 శాతం అందులో వేస్తుంది, ఆ డబ్బుతో నగరానికి నీళ్లిచ్చే కొండల మీది గడ్డి భూములను కాపాడతారు. మన దేశంలోనే హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్ మున్సిపాలిటీ, ఊరికి నీళ్లిచ్చే ఊట పైనున్న అడవిని కాపాడుతున్నందుకు పల్లె సంఘానికి ఏటా డబ్బు కట్టేలా 2010లో ఒప్పందం రాసుకుంది. అంత చిన్న ఊరు చేసిన పని అనంతపురం, కడప, కర్నూలు కార్పొరేషన్లు చేయలేవా?

నీటి పన్ను వసూళ్లలో 2 శాతం వేరే ఖాతాలో పెట్టాలి. జలాశయాల చుట్టూ, నగరం పైన ఉన్న గుట్టల పల్లెలకు ఏటా ఇవ్వాలి. అందులో మొదటి వాటా మేత వదులుకున్న గొర్రెల వాళ్లకు, కాపలా మనిషికి అందాలి. 2022 అక్టోబరులో నగరం మధ్య పారే నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. అంతటి వానను గడ్డి పూర్తిగా ఆపలేదు, నాకు తెలుసు. వంక ఆక్రమణలు తీయాల్సిందే. అయినా పైనుంచి దిగే నీళ్ల వడి, మన్ను కొంత తగ్గినా ఆ వీధుల వాళ్లకు మేలే. పన్ను కట్టేవాళ్లు ఒప్పుకోరని అధికారులు అనవచ్చు. ఎండాకాలం ట్యాంకరుకు మా వీధిలో ఒక్కో ఇల్లు ఎంత ఇస్తోందో వచ్చి అడగమనండి.

కార్పొరేషన్ బడ్జెట్ మీద చర్చ జరిగేటప్పుడు మీ విలేకరులు ఈ ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్నాను: మన నీళ్లు పుట్టే నేలకు ఈ ఏడాది ఎంత రాశారు? ఆ అంకె మీ పత్రికలో వేయండి. సున్నా అయితే సున్నా అనే వేయండి.

ఇట్లు,
ఒక వాటర్‌షెడ్ సంఘం పాత లెక్కల కార్యకర్త,
అనంతపురం